దాహంతో చచ్చే పురుగు

"గాలి చొరని సంచిలో గింజలు పోసి మూతి బిగిస్తే పురుగు ఊపిరాడక చస్తుందన్నారు. నాలుగో రోజు విప్పి చూస్తే ఇంకా కదులుతున్నాయి. ఇదేం సంచి?" అని ఒక పాఠకుడు అడిగారు. సంచి మంచిదే. అందులో పురుగును చంపేది ఊపిరాడకపోవడం కాదు, దాహం.

ఆహార వృథా అనగానే పళ్లెంలో వదిలేసిన ముద్ద గుర్తొస్తుంది. అదీ తక్కువేం కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్కన 2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిపి పారేసింది 105 కోట్ల టన్నులు. కానీ పళ్లెం దాకా రాకుండా పండించినవాడి ఇంట్లోనే పోయే గింజ మాటేమిటి? పుచ్చిపోతుందన్న భయంతో రైతు కోత కాగానే, ధర పడిపోయిన రోజుల్లోనే అమ్మేస్తాడు. మళ్లీ పంట చేతికొచ్చేలోగా అదే గింజను ఎక్కువ పెట్టి కొనుక్కుంటాడు. కొనలేనివాడు పస్తుంటాడు.

అలసందల పుచ్చు పురుగునే తీసుకోండి. తల్లి గింజ పైతొక్క మీద గుడ్డు అతికిస్తుంది. పిల్ల పురుగు ఆ గుడ్డు అడుగునుంచే తిన్నగా గింజలోకి తొలుచుకుపోతుంది. రెక్కలొచ్చాక గుండ్రటి కన్నం చేసుకుని బయటపడుతుంది. మనకు కనబడేది ఆ కన్నమే కాబట్టి, పురుగు గింజలోనే దానంతటదే పుడుతుందని జనం నమ్మడంలో వింత లేదు. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్తే, గోధుమల్లో మురికి చొక్కా కుక్కి పెడితే 21 రోజులకు ఎలుకలు పుడతాయని రాశాడు!

అసలు ప్రశ్న వేరే ఉంది. ఎండిన గింజలో తేమ 10-12 శాతం మించదు. చుక్క నీళ్లు లేనిచోట ఆ పిల్ల పురుగు ఎలా బతుకుతోంది?

జవాబు మనం బడిలో బట్టీ పట్టిన శ్వాసక్రియ సమీకరణంలోనే ఉంది. ఆక్సిజన్‌తో పిండిపదార్థం కాలితే శక్తి, కార్బన్ డయాక్సైడ్, నీరు వస్తాయి. శక్తి గురించి మేష్టారు గంటసేపు చెబుతారు. చివర్న ఉన్న నీటిని ఎవరూ పట్టించుకోరు, సమీకరణం తూకం కుదరడానికి పెట్టిందన్నట్టు చూస్తారు. పురుగుకు ప్రాణం అక్కడే ఉంది. 100 గ్రాముల పిండి కాలితే 55 గ్రాముల నీళ్లు పుడతాయి. దాని పొయ్యే దాని బావి.

పొయ్యి ఆరితే బావి ఎండుతుంది. సంచిలో ఆక్సిజన్ ఐదు శాతం లోపుకు పడితే పిల్ల పురుగు తినడం మానేస్తుంది. తిండి లేదు కాబట్టి నీరు పుట్టదు. ఒంట్లో తేమ మాత్రం ఆవిరవుతూనే ఉంటుంది. అలా రోజుల తరబడి ఎండి చస్తుంది.

ఒక లెక్క వేద్దాం. వంద కిలోల మూటలో గింజల సందుల్లో ఉండే గాలి సుమారు 50 లీటర్లు. అందులో ఆక్సిజన్ పది పదకొండు లీటర్లు. దానితో కాల్చగలిగే పిండి 12 గ్రాములు, పుట్టే నీరు 7 గ్రాములు. అంతే! మూటలో ఉన్న పురుగులన్నీ పంచుకోవాల్సిన నీళ్లు రెండు చెంచాలైనా లేవు. పైగా పురుగులు ఎంత ఎక్కువుంటే ఆక్సిజన్ అంత తొందరగా అయిపోతుంది. వాటి సమాధి అవే తవ్వుకుంటాయి.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్ బృందం 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్ రైతుల అలసందల కోసం ఈ సంచిని తయారుచేసింది. పైన మామూలు నేత సంచి, లోపల ఒకదాంట్లో ఒకటి రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు. రెండెందుకంటే, లోపలిదాన్ని పురుగు అక్కడక్కడా తొలిచేస్తుంది. మందు కలిపే పని లేదు, కరెంటు అక్కర్లేదు. గిడ్డంగి దాకా మోసుకెళ్లక్కర్లేదు, గింజ ఊళ్లోనే ఉంటుంది.

తడి గింజను మాత్రం ఇందులో కట్టకూడదు. బూజు పడుతుంది, అఫ్లటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదమూ ఉంది. పొడి గాజు సీసాలో కాసిని గింజలు, పొడి ఉప్పు వేసి బాగా కుదిపి చూడండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. మళ్లీ ఎండబెట్టాలి. అంటుకోకపోయినా ఇంకో ఎండ తగలనిస్తే నష్టం లేదు.

ఇక మీ నాలుగో రోజు సంగతి. అప్పటికి పురుగులు తిండి మానేసి ఉంటాయి, ఇంకా ఎండలేదంతే. మీరు మూతి విప్పారు, కొత్త గాలి లోపలికి పోయింది. దాంతోపాటు ఇంకో 7 గ్రాముల నీళ్లు పోసినట్టయింది.