చెవిలో హోరు పుట్టేది చెవిలోనా, మెదడులోనా?

విజయనగరం జిల్లాలో జూట్ మిల్లు ఉన్న ఊళ్లలో రిటైరైన కార్మికులను చెవుల సంగతి అడిగి చూడండి. ఒకరికి కీచురాయి కూత, ఇంకొకరికి గుయ్‌మనే మోత. పగలు సందడిలో పడి తెలియదు, రాత్రి పడుకుంటే మొదలు. లూముల మధ్య ముప్పై ఏళ్లు నిలబడి పనిచేసిన వాళ్లలో ఇది మామూలే. డాక్టరు దగ్గరికి వెళితే చాలామంది వినేది ఒకటే మాట: "చెవి శుభ్రంగా ఉంది, ఏమీ లేదు, ఎక్కువ ఆలోచించకండి." చెవిలో ఏమీ లేకపోతే ఆ మోత ఎక్కడిది? వైద్యులు రెండు వేల ఏళ్లకు పైగా దీని మీద తర్జనభర్జన పడుతూనే ఉన్నారు.

సుశ్రుత సంహిత చెవి రోగాలను 28గా లెక్కగట్టి, కర్ణనాదాన్ని అందులో చేర్చింది. వాతం చెడి శబ్దవాహినుల్లో చేరడమే కారణమంది. బిల్వ తైలం ఆ సంప్రదాయం ఇచ్చిన మందే. గ్రీకుల దగ్గర అరిస్టాటిల్ పేరుతో నిలిచిన ప్రశ్నల గ్రంథంలో ఇంకో రకం ఆలోచన కనిపిస్తుంది: బయట శబ్దం చేస్తే చెవిలో హోరు ఎందుకు ఆగిపోతుంది? పెద్ద శబ్దం చిన్నదాన్ని కమ్మేస్తుంది కనుక, అని అక్కడే జవాబు. 1821లో చెవి వ్యాధులపై గ్రంథం రాసిన ఫ్రెంచి వైద్యుడు ఇటార్ ఈ సూత్రాన్నే చికిత్స చేశాడు. హోరు భరించలేని రోగులను మండే పొయ్యి దగ్గర కూర్చోమన్నాడు, నీటి మరల పక్కన ఉండమన్నాడు. లోపల నిజంగా శబ్దం ఉన్న హోరు వేరు, ఏ శబ్దమూ లేకుండానే వినిపించే హోరు వేరు అని విడదీసినదీ ఆయనే. నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపించే మోతలు మొదటి రకం. వాటికి రక్తనాళాల్లో కారణం ఉండవచ్చు కాబట్టి ఇప్పటికీ డాక్టర్లు విడిగా పరీక్షిస్తారు. మిల్లు కార్మికులది రెండో రకం, అసలు చిక్కు దానితోనే.

1861లో పారిస్ వైద్యుడు మెనియేర్ తలతిరుగుడు, చెవుడు, హోరు మూడూ కలిసి వచ్చే జబ్బుకు మూలం లోపలి చెవిలో ఉందని చూపించాడు. ఆ తర్వాత అందరి చూపూ లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు కాక్లియా మీదే నిలిచింది. మందులు కూడా అటే వేలు చూపించాయి. సీతంపేట, కురుపాం లాంటి ఏజెన్సీ ప్రాంతాలను పీడించిన మలేరియాకు వాడిన క్వినైన్ మోతాదు పెరిగితే చెవులు గింగురుమంటాయి. మందు ఆపితే సాధారణంగా తగ్గుతుంది. ఆస్పిరిన్ ఎక్కువైనా అంతే. క్షయకు ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ అలా వదిలేది కాదు, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలను చంపేసేది. ఒకసారి పోతే అవి మనిషిలో మళ్లీ పుట్టవు. ఇదే జాతికి చెందిన జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు శరీరం నుంచి బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. కాబట్టి ఉద్దానంలో కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఇవి రాసే ముందు డాక్టరు రెండుసార్లు ఆలోచించాలి. కిడ్నీ రిపోర్టు చూపించకుండా ఈ ఇంజెక్షన్లు చేయించుకోవద్దని పలాస, సోంపేట వైపు ప్రతి ఇంట్లో తెలియాలి.

హోరు చెవిదే అయితే, చెవి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని కోసేస్తే ఆగిపోవాలి కదా? సరిగ్గా ఈ ప్రయోగం వేరే కారణంతో జరిగింది. అమెరికాలో న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ 1920ల చివరి నుంచి మెనియేర్ రోగులకు తలతిరుగుడు ఆపడానికి ఆ నరాన్ని కోశాడు. తలతిరుగుడు తగ్గింది. హోరు మాత్రం చాలామందిలో పోలేదు. తర్వాత నరం మీది కణితి తీయించుకున్న వాళ్లను హౌస్, బ్రాక్‌మన్ అనే వైద్యులు గమనించి 1981లో వివరాలు ప్రకటించారు. శస్త్రచికిత్సతో ఆ చెవికి వినికిడి పూర్తిగా పోయినా, దాదాపు సగం మందిలో హోరు ఇంకా పెరిగింది. వార్త తెచ్చే తీగే లేనప్పుడు ఆ మోతను చెవి పంపుతోందని ఎవరూ అనలేరు.

అప్పటికే 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి ఏం వినిపిస్తోందని అడిగారు. 94 శాతం మంది ఏదో ఒక మోత చెప్పారు. అంటే చెవి బాగున్నా మోత వినిపించవచ్చు. 1978లో డేవిడ్ కెంప్ ఆరోగ్యంగా ఉన్న చెవి తానే సన్నని శబ్దాలు వెలువరిస్తుందని కనిపెట్టాడు. దాంతో చెవి పక్షానికి మళ్లీ ఆశ పుట్టింది. కానీ రోగులు చెప్పే హోరుతో ఆ శబ్దాలు చాలావరకు సరిపోలలేదు.

మా పెదనాన్న నెల్లిమర్ల మనిషి, లూము పని చేసి రిటైరయ్యాడు. పళ్లు గట్టిగా బిగించి "ఇదిగో, ఇప్పుడు పెరిగింది" అంటాడు. వదిలితే తగ్గుతుంది. ఇంట్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. కానీ 1998లో అమెరికాలో లాక్‌వుడ్ బృందం వెతికి పట్టుకున్నది సరిగ్గా ఇలాంటి రోగులనే. దవడ కదిపితే హోరు మారే ఆ కొద్దిమందిని మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే పెట్ స్కాన్‌లో పడుకోబెట్టి చూశారు. బయటి శబ్దాన్ని ఒక చెవికి వినిపిస్తే మెదడు రెండు వైపులా స్పందించింది. హోరు మారినప్పుడు మాత్రం ఒక వైపే స్పందన కనిపించింది. అంటే ఆ మోత కాక్లియా నుంచి మామూలు దారిలో రాలేదు. దవడ పాత్రకూ కారణం దొరికింది. చెవి నరం మెదడు కాండంలో చేరే మొదటి మజిలీలోనే దవడ, మెడల నుంచి వచ్చే సంకేతాలు కూడా వచ్చి కలుస్తాయి.

అయితే చెవిని పూర్తిగా వదిలేయడానికీ వీల్లేదు. హోరు శ్రుతి (పిచ్) సాధారణంగా వినికిడి తగ్గిన స్వరాల దగ్గరే ఉంటుంది. లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం పెట్టి నరానికి మళ్లీ సంకేతాలు అందిస్తే చాలామందికి హోరు తగ్గుతుంది. నాకు సబబుగా తోచే వివరణ ఇది: చెవి దెబ్బతిని సంకేతాలు తగ్గితే, మెదడు ఆ లోటు పూడ్చుకోవడానికి తన వాల్యూం పెంచుకుంటుంది. స్టేషన్ సరిగా అందని రేడియోకి సౌండ్ పెంచితే గరగర వినిపించినట్టే ఇది. 1990లో పరిశోధకుడు యాస్ట్రెబాఫ్ దీనికి ఇంకో పొర కలిపాడు. అదే మోత ఒకరికి పట్టనిది, మరొకరికి నిద్ర చెడగొట్టేది కావడానికి కారణం మెదడులోని భయం, టెన్షన్ కేంద్రాలు దాన్ని ప్రమాద సంకేతంగా తీసుకోవడమే అన్నాడు.

మరి వినికిడి పరీక్ష రిపోర్టు (ఆడియోగ్రామ్) నార్మల్ అని వచ్చినా హోరు ఉన్నవాళ్ల మాటేమిటి? 2009లో కుజావా, లీబర్‌మన్ అనే పరిశోధకులు ఎలుకలకు పెద్ద శబ్దం వినిపించారు. కొన్నాళ్లకు వినికిడి పరీక్ష మామూలుకు వచ్చింది, కేశకణాలూ బాగానే ఉన్నాయి, కానీ వాటిని నరానికి కలిపే లంకెలు కొన్ని చోట్ల సగం దాకా పోయాయి. 2011లో షాట్, మెకాల్పిన్ ఆడియోగ్రామ్ బాగుండి హోరు ఉన్న మనుషులను పరీక్షించారు. శబ్దం వినిపించినప్పుడు చెవి నరం పంపే తొలి విద్యుత్ అల చిన్నది, మెదడు కాండంలో పైకి చేరేసరికి మాత్రం మామూలు పరిమాణం. మధ్యలో పెంచింది మెదడే. "ఏమీ లేదు" అని పంపేయడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది. మామూలు పరీక్షకు అందని నష్టం నష్టం కాకపోదు.

హోరును పూర్తిగా ఆపే మందు నేటికీ లేదు. జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసే మాత్రలు విరివిగా రాస్తారు గానీ పరిశోధనల్లో ప్రయోజనం తేలలేదు. వినికిడి తగ్గినవాళ్లకు హియరింగ్ ఎయిడ్, రాత్రి ఫ్యాన్ లాంటి తేలికపాటి శబ్దం, ఆలోచించే తీరు మార్చి టెన్షన్ తగ్గించే సీబీటీ కౌన్సెలింగ్ సాయపడతాయి. ఒక్క చెవిలోనే మోత ఉన్నా, నాడిలా కొట్టుకున్నా చెవి డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి వినికిడి పోతే మాత్రం రోజులు గడవనివ్వకుండా వెళ్లాలి, ఆలస్యమయ్యే కొద్దీ చికిత్స పనిచేసే అవకాశం తగ్గుతుంది.

మన కార్మిక చట్టాల్లోని వృత్తి వ్యాధుల జాబితాలో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం ఉంది. దాన్ని తేల్చేది ఆడియోగ్రామ్. కాబట్టి లూముల మీద ఉన్నవాళ్లు సర్వీసులో ఉండగానే ఏటేటా పరీక్ష చేయించమని యూనియన్ ద్వారా అడగాలి, రిపోర్టు కాపీ ఇంట్లో ఉంచుకోవాలి. హోరు ఉంటే ఆ సంగతి కూడా అందులో రాయించుకోవాలి.