అసలు కాపీ ఎక్కడుంది? ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ రెండింట్లో నడిచే అప్లికేషన్ల వెనక కథ

కిందటేడు ఓ రాత్రి రెండు గంటలు కూర్చుని బ్రౌజర్‌లో ఒక రిపోర్టు టైప్ చేశాను. సేవ్ నొక్కే సమయానికి నెట్ పోయింది. చక్రం కాసేపు తిరిగింది, తర్వాత లాగిన్ పేజీ వచ్చింది. వెనక్కి వెళ్లి చూస్తే అన్నీ ఖాళీ. కరెంటుంది, కంప్యూటర్ బాగానే ఉంది, డిస్క్‌లో బోలెడంత చోటుంది. నేను రాసింది మాత్రం నా మెషీన్‌లో ఎక్కడా లేదు. అప్పట్నుంచి ఏ సాఫ్ట్‌వేర్ వాడబోయినా ముందు ఒక్కటే చూసుకుంటున్నాను: అసలు కాపీ ఎక్కడ ఉంటుంది?

పర్సనల్ కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఈ ప్రశ్నే లేదు. 1979లో వచ్చిన స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ విజీకాల్క్‌లో గానీ, 1983 నాటి లోటస్ 1-2-3లో గానీ చేసిన పని మన ఫ్లాపీలోనే ఉండేది. ఇద్దరు కలిసి పనిచేయాలంటే ఆ ఫ్లాపీ చేతులు మారాలి. అక్కడే చిక్కు. ఎవరి దగ్గరున్నది తాజాదో తేల్చుకోవడానికే సగం రోజు పోయేది.

దానికి మొదటి గట్టి జవాబు 1989లో, పలువురు కలిసి పత్రాలు పంచుకునే లోటస్ నోట్స్ అనే సాఫ్ట్‌వేర్ రూపంలో వచ్చింది. రే ఓజీ బృందం దాన్ని తయారుచేసే నాటికి చాలామందికి కనెక్షన్ అంటే మోడెమ్, ఫోన్ లైన్. అస్తమానం లైన్‌లో ఉండటం కుదరదు. అందుకని డేటాబేస్ కాపీ మొత్తం మన కంప్యూటర్‌లోనే పెట్టారు. పనంతా దాని మీదే. వీలున్నప్పుడు ఫోన్ కలిపి, మారిన వాటిని మాత్రం ఇచ్చిపుచ్చుకుని, లైన్ పెట్టేయడమే. ఒకే పత్రాన్ని ఇద్దరూ మారిస్తే ఒకరిది చెరిపేయకుండా, రెండో దాన్ని కాన్‌ఫ్లిక్ట్ అనే గుర్తుతో పక్కన ఉంచేది. ఆ మర్యాద నేటికీ చాలా అప్లికేషన్లకు లేదు.

దాదాపు అదే కాలంలో, 1987లో, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సత్యనారాయణన్ బృందం కోడా ఫైల్ సిస్టమ్ మొదలుపెట్టింది. కనెక్షన్ ఉండగానే మనకు కావాల్సిన ఫైళ్లను అది ముందే తెచ్చి దాచుకుంటుంది. లైన్ తెగితే వాటి మీదే పని నడిపిస్తూ, ప్రతి మార్పునూ చిట్టాలో రాసుకుంటుంది. లైన్ మళ్లీ కలవగానే ఆ చిట్టాను వరసగా సర్వర్‌కు అప్పజెబుతుంది. ఇవాళ్టి సింక్, అంటే కాపీలన్నింటినీ ఒకేలా ఉంచే పని, చాలావరకు ఈ పద్ధతే.

తర్వాత వెబ్ వచ్చి గాలిని ఇంకో వైపు తిప్పింది. 2004లో జీమెయిల్, 2006లో గూగుల్ డాక్స్. ఇన్‌స్టాల్ చేసే బాధ లేదు, లింక్ పంపితే చాలు. ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ అసలు కాపీ సర్వర్‌కు వెళ్లిపోయింది, మన చేతిలో మిగిలింది ఒక కిటికీ. ఆ లోటు గూగుల్‌కూ త్వరగానే తెలిసింది. బ్రౌజర్‌లోనే డేటా దాచుకునే గేర్స్‌ను 2007లో తెచ్చింది, కొన్నేళ్లకే ఆపేసింది. ఆ బాధ్యత తర్వాత బ్రౌజర్లలోని సర్వీస్ వర్కర్ల మీద, అంటే నెట్ లేకున్నా పేజీని నడిపేందుకు తెర వెనక పనిచేసే చిన్న ప్రోగ్రామ్‌ల మీద పడింది.

ప్రోగ్రామర్లు మాత్రం వేరే దారి పట్టారు. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సబ్‌వెర్షన్ అనే టూల్‌లో కమిట్ చేయాలంటే, అంటే ఒక మార్పును నమోదు చేయాలంటే, సర్వర్ అందాలి. అదే పనికి 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్‌లో ప్రాజెక్టు చరిత్ర మొత్తం ప్రతి ఒక్కరి మెషీన్‌లోనూ ఉంటుంది. విమానంలో కూర్చుని కూడా కమిట్ చేసుకోవచ్చు.

విడివిడిగా చేసిన మార్పులను కలపడమే అసలు కష్టం. 2011లో మార్క్ షపీరో తదితర పరిశోధకులు, విడివిడిగా మారినా గొడవ లేకుండా కలిసిపోయే సీఆర్‌డీటీ అనే డేటా నిర్మాణాలకు ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. వీటితో నడిచే ఎడిటర్లో ప్రతి అక్షరానికీ తనదైన గుర్తింపు ఉంటుంది కాబట్టి, మార్పులు ఏ వరసలో చేరినా అందరికీ చివరికి ఒకే టెక్స్ట్ వస్తుంది. అలాగని అన్నీ తేలిపోవు. పది గంటల మీటింగ్‌ను మీరు పదకొండుకు, నేను మూడింటికి మార్చామనుకోండి. ఏది సరైనదో ఏ లెక్కా చెప్పలేదు. రెండూ చూపించి మనల్నే అడగాలి. ఒకే సీటును ఇద్దరికి అమ్మకూడని చోటైతే సర్వర్‌ను అడగక తప్పదు.

అసలు కాపీ మన దగ్గరే ఉంటే, నెట్ బాగున్నప్పుడు కూడా లాభముంది. ఫైబర్‌లో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. సర్వర్ 10,000 కిలోమీటర్ల అవతల ఉంటే, పోయి రావడానికే కనీసం 100 మిల్లీసెకన్లు పడుతుంది. డిస్క్ మీద రాస్తే ఆ ఎదురుచూపు ఉండదు. పైగా కంపెనీ సర్వీస్ మూసేసినా డేటా మన దగ్గరే ఉంటుంది. 2013 జూలైలో, వెబ్‌సైట్ల కొత్త రాతలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ మూతపడినప్పుడు ఆ టెన్షన్ చాలామంది పడ్డారు. 2019లో ఇంక్ అండ్ స్విచ్ అనే పరిశోధనా సంస్థవాళ్లు ఈ వాదనంతా కూర్చి 'లోకల్-ఫస్ట్' (ముందు మన మెషీన్‌లోనే) అని పేరు పెట్టారు.

జాగ్రత్తలూ కావాలి. ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే డేటా కూడా వాళ్ల చేతికి చిక్కుతుంది, అందుకే పాస్‌వర్డ్ లేకుండా చదవలేకుండా చేసే డిస్క్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. సింక్‌ను బ్యాకప్ అనుకోకండి. ఒకచోట పొరపాటున డిలీట్ చేస్తే అన్నిచోట్లా చెరిగిపోవచ్చు.

ఇప్పుడు కొత్త అప్లికేషన్ ఏదైనా సరే, ముందు వైఫై ఆపి నాలుగు లైన్లు రాస్తాను. మూసేసి మళ్లీ తెరుస్తాను. ఈమధ్య ఒకదాంట్లో నా నాలుగు లైన్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, కింద మూలన చిన్న అక్షరాల్లో '3 మార్పులు ఇంకా పంపాలి' అని కనిపించింది. వైఫై వేశాను. 3 కాస్తా 2 అయింది, 1 అయింది, ఆ మాటే మాయమైంది.