అట్ట మీద గట్టిగొంతు బాబాయి

పిల్లలూ,

కథల పుస్తకం అట్ట మీద పేరేమో లావు లావు అక్షరాలతో, ఒకటి పైకెక్కి ఒకటి కిందికి జారి ఉంటుంది. లోపల కథ మాత్రం బుద్ధిగా వరసలో నడుస్తుంది. "తాతయ్యా, అట్ట మీద అలా వంకరగా రాస్తే ఎవరూ తిట్టరా?" అని మీలో ఒకరు అడిగారు. తిట్టరు. పైగా ఆ వంకర కోసమే కొందరు కూర్చుని ఓపిగ్గా ఒక్కో అక్షరం గీస్తారు.

ఇంటికో గట్టిగొంతు బాబాయి ఉంటాడు చూడండి, గుమ్మంలో నిలబడి "రండి రండి" అంటే వీధి చివర వాళ్ళు కూడా వెనక్కి తిరుగుతారు. ఫాంట్ అంటే ఒకే తీరులో గీసి పెట్టిన అక్షరాల కట్ట. అందులో పేర్లకీ పోస్టర్లకీ పెద్దగా వేసే డిస్‌ప్లే ఫాంట్ అంటే ఆ బాబాయే. పుస్తకం పేరు, పోస్టర్, పుట్టినరోజు కార్డు, బొమ్మల డబ్బా, ఇలాంటి చోట ఆయనకు నాలుగు మాటలు అప్పజెప్పండి, అదరగొడతాడు. అదే ఆయన చేత పుస్తకమంతా చదివిస్తే మాత్రం తలనొప్పే. లావు అక్షరాన్ని చిన్నది చేస్తే లోపలి ఖాళీ పూడుకుపోతుంది. ఠ కడుపులో చుక్క గోడకు అంటుకుపోయి, ఠ ఏదో ర ఏదో తెలియదు. ఒకే పోస్టర్ మీద ఇద్దరు బాబాయిల్ని కూడా పెట్టకండి. ఒకరి మాట ఇంకొకరు విననివ్వరు.

1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనేర్ అనే ఆయన, ఒక ప్రోగ్రాంలో బొమ్మ కుక్క టైమ్స్ న్యూ రోమన్ అక్షరాల్లో మాట్లాడటం చూశాడు. అవి ఒక దినపత్రిక కోసం పుట్టిన అక్షరాలు. కుక్క వార్తలు చదువుతుందా! అందుకని కామిక్స్ పుస్తకాలు చూసి కామిక్ సాన్స్ అనే ఫాంట్ గీశాడు. ఈ బాబాయి ఆ కుక్కకు సమయానికి అందలేదు గానీ, విండోస్‌తో ఊరూరా తిరిగాడు, పిలవని చోటికీ వెళ్ళాడు. 2012 జులైలో సెర్న్ అనే పెద్ద పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ అనే అతి చిన్న కణం సంగతి చెప్పిన స్లైడుల్లోనూ ఈ బాబాయే. చాలామంది నవ్వారు. నాకు మాత్రం ముచ్చటేసింది.

చిన్నప్పుడు నేను బోర్డులు రాసే పెయింటర్ వెనకాలే నిలబడిపోయేవాణ్ణి. సుద్దతో రెండు గీతలు కొట్టి, ఎడమ పిడికిలి మీద కుడి మణికట్టు ఆనించి కుంచె తిప్పేవాడు. గుండ్రటి అక్షరాల్ని కావాలనే గీత కిందికి వెంట్రుకవాసి దింపేవాడు. ఎందుకని అడిగితే, "గీత మీదే ఆపితే పొట్టిగా కనిపిస్తుందిరా" అన్నాడు. ఫాంట్లు చేసేవాళ్ళూ ఇదే చేస్తారు. వంకరకూ లెక్కుంటుంది. ముందు తిన్నగా రాయడం వస్తేనే ఆ లెక్క అందుతుంది. కాబట్టి కాపీ రాత ఎగ్గొట్టకండి.

ఆ పెయింటర్ రాసిన రెండు 'ల'లు ఎప్పుడూ ఒక్కలా ఉండేవి కావు. ఫాంట్‌లో అయితే ఒక్కో అక్షరానికి మామూలుగా ఒకటే రూపం. అందుకే తెలివైనవాళ్ళు ఒక్కో అక్షరాన్ని రెండు మూడు రకాలుగా గీసి పెడతారు. పక్కపక్కన అదే అక్షరం వస్తే ఫాంటే రూపం మార్చేస్తుంది. ఎలా మారుస్తుందో చెప్పబోతే ఉత్తరం చాలదు. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చిన పేరు ఏదైనా అట్ట మీద వెతకండి. పల్చటి కాగితం వేసి మొదటిదాన్ని దిద్ది, రెండోదాని మీద పెట్టి చూడండి. అచ్చుగుద్దినట్టు ఉంటే అది ఫాంట్ అయి ఉంటుంది. తేడా ఉంటే చేత్తో రాసిందో, ఫాంట్ వేషం మార్చిందో మీరే తేల్చి నాకు రాయండి.

మీ తాతయ్య