అడవి చెట్టుది ఒక లెక్క, వీధి చెట్టుది మరొకటి

చెట్లు ఎందుకు కావాలని అడిగితే, అవి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయన్న జవాబే ముందుగా వినిపిస్తుంది. అది నిజమే. అయితే అడవిలోని చెట్టుకూ వీధిలోని చెట్టుకూ ఆ ఒక్క కొలతనే వాడడం వల్ల రెండింటి విలువా మసకబారుతోంది.

అడవి ప్రధానంగా కర్బనపు గాదె. ఎండు కలప బరువులో దాదాపు సగం కర్బనమే కాబట్టి, ఒక టన్ను ఎండు కలపలో సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిన కర్బనం ఉంటుంది. ప్రపంచ భూభాగంలో 31 శాతాన్ని అడవులు కప్పి ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020 అంచనా ప్రకారం వాటి కర్బనంలో దాదాపు 45 శాతం మానుల్లో కాక మట్టిలోనే ఉంది. పాత అడవిని నరికి, అన్నే మొక్కలను మరోచోట నాటితే సరిపోతుందన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. నరికిన కలప కాలినా కుళ్లినా అందులోని కర్బనం త్వరగానే గాలిలో కలుస్తుంది, దున్నిన మట్టిలోనిదీ కొంత పోతుంది. మొక్కలు దాన్ని తిరిగి కూడబెట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

వీధి చెట్టు దాచే కర్బనం, నగరంలోని వాహనాలూ విద్యుత్ వాడకమూ వెలువరించే దానితో పోలిస్తే చాలా స్వల్పం. దాని అసలు పని వేడితో. వేళ్లు తోడిన నీరు ఆకుల పత్రరంధ్రాల గుండా ఆవిరయ్యేటప్పుడు, మన చెమట ఆరినప్పటిలాగే, పరిసరాల నుంచి వేడిని తీసుకుంటుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 24.5 లక్షల జౌళ్ల శక్తి అవసరం. ఆ లెక్కన చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలితే, సుమారు 68 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి అందులో ఖర్చవుతుంది. నేల తడారితే మాత్రం పత్రరంధ్రాలు మూసుకుపోతాయి. మొదలు దాకా సిమెంటు పరిచిన చెట్టుకు వాన నీరు అందదు గనుక, అది నీడను తప్ప ఈ చల్లదనాన్ని అంతగా ఇవ్వలేదు. ఆ నీడా తక్కువది కాదు: ఎండ పడే తారు, కాంక్రీటు కంటే నీడలో ఉన్నవి 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లగా ఉండగలవు.

చెట్లన్నీ అన్నిచోట్లా మేలే చేస్తాయని కాదు. ఎత్తైన భవనాల మధ్య ఇరుకు వీధిలో దట్టమైన కొమ్మలు వాహనాల పొగను పైకి పోనివ్వకపోవచ్చు.

ఆరోగ్యంపై ప్రభావాన్ని కొలవడం ఇంకా కష్టం, ఎందుకంటే చెట్లున్న పేటల్లో తరచుగా సంపన్నులే ఉంటారు. అమెరికాలో ఒక విపత్తు ఆ చిక్కును కొంత విప్పింది. ఆసియా నుంచి వచ్చిన ఒక పెంకుపురుగును 2002లో డెట్రాయిట్ పరిసరాల్లో గుర్తించారు. దాని లార్వాలు బెరడు కింద తొలిచి యాష్ అనే జాతి చెట్లను కోట్లలో చంపాయి. పురుగు పేదా ధనికా చూసి రాదు. 15 రాష్ట్రాల వివరాలను పరిశీలించి 2013లో వెలువడిన అధ్యయనం, ఈ పురుగు వ్యాపించిన కౌంటీల్లో (అక్కడి జిల్లాల్లాంటివి) గుండె జబ్బుల వల్ల 15,080, శ్వాసకోశ వ్యాధుల వల్ల 6,113 అదనపు మరణాలను దానితో ముడిపెట్టింది. చెట్లు పోవడమే కారణమని ఇది రుజువు చేయదు. కానీ పురుగు పట్టి కాలం గడిచేకొద్దీ ఆ ప్రభావం పెరిగింది. పైగా అది సగటును మించిన ఆదాయం గల కౌంటీల్లోనే ఎక్కువగా కనిపించింది.