సీఆర్ఎం డేటాను పవర్ బీఐకి కలిపేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు తీరంలో రొయ్యల మేత అమ్మే కంపెనీలకీ, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులకీ డ్యాష్‌బోర్డులు చేసిపెట్టడం నా పని. డీలర్ల వివరాలు, ఫిర్యాదులు, ఆర్డర్లు సేల్స్‌ఫోర్స్ అనే సీఆర్ఎంలో (కస్టమర్ల లెక్కలు దాచే సాఫ్ట్‌వేర్‌లో) ఉంటాయి. యజమానికి లెక్క పవర్ బీఐలో (డేటాను చార్టులుగా చూపే టూల్‌లో) కనబడాలి. రెంటినీ కలపడం పావుగంట పని. ఆ వచ్చిన అంకెను నమ్మి జీతాలు, స్టాకు నిర్ణయించవచ్చా అన్నదే అసలు సంగతి.

అపోహ: కనెక్ట్ అయితే డేటా అంతా వచ్చేసినట్టే.

వాస్తవం: సేల్స్‌ఫోర్స్‌కి పవర్ బీఐలో రెండు కనెక్టర్లున్నాయి: ఆబ్జెక్ట్స్ (అసలు టేబుళ్లు తెచ్చేది), రిపోర్ట్స్ (అక్కడ చేసిపెట్టిన రిపోర్టులు తెచ్చేది). రిపోర్టు ముందే తయారుగా ఉంటుంది కాబట్టి చాలామంది రెండోది ఎంచుకుంటారు. అందులో 2,000 వరసలే వస్తాయి. మిగతావి రాలేదని ఎర్రర్ కూడా చూపించదు. టేబుల్లో సరిగ్గా 2,000 వరసలు కనబడితే అనుమానించి ఆబ్జెక్ట్స్‌కి మారండి.

అపోహ: సీఆర్ఎంలో ఒక అంకె, డ్యాష్‌బోర్డులో ఇంకో అంకె వస్తే టూల్‌లోనే తప్పుంది.

వాస్తవం: నేను ముందు చూసేది టైము. సేల్స్‌ఫోర్స్ నమోదు సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచుకుని, తెర మీద మాత్రం మన టైముకి మార్చి చూపిస్తుంది. ఆబ్జెక్ట్స్ కనెక్టర్‌తో మనకి చేతికొచ్చేది ఆ దాచిన సమయం. మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి, తెల్లవారి 5:30 లోపు నమోదైనదంతా నిన్నటి తేదీలో పడిపోతుంది.

ఆఫీసు వేళల్లో జరిగే వ్యాపారంలో ఈ తేడా బయటపడదు. ఆక్వాలో అలా కుదరదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల్లో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయేది తెల్లవారుజామునే. రొయ్య పైకి తేలిందంటే రైతు 4 గంటలకే ఫోను చేస్తాడు. మేత కంపెనీ టెక్నీషియన్ పరుగున వచ్చి, గట్టు మీద నిలబడే ఫోన్లో విజిట్ నమోదు చేస్తాడు. ఏప్రిల్ 1న 4:40కి చేసిన ఆ నమోదు డ్యాష్‌బోర్డులో మార్చి 31 రాత్రి 11:10 అవుతుంది. రోజే కాదు, నెలా, ఆర్థిక సంవత్సరమూ మారిపోయాయి. విజిట్ల లెక్కన ఇన్సెంటివ్ ఇచ్చేచోట, నిద్ర మానుకుని వెళ్లిన ఆ కుర్రాడికి అన్యాయం జరుగుతుంది. దీన్ని చిన్న విషయమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటాను సరిచేసే చోట) ముందు సమయాన్ని మన టైముకి మార్చాలి, ఆ తర్వాతే తేదీ విడదీయాలి. ముందే తేదీగా మార్చేస్తే సమయం పోతుంది, సరిచేయడానికి ఏమీ మిగలదు. క్లోజ్ డేట్ లాంటి ఉత్త తేదీ ఫీల్డులకి టైమ్ జోన్ ఉండదు, వాటిని కదపకండి. అన్నట్టు, ఫార్ములాలో టుడే (ఈరోజు తేదీ ఇచ్చే ఫంక్షన్) వాడితే పవర్ బీఐ సర్వీసులో (ఆన్‌లైన్‌లో) అదీ యూటీసీ రోజే.

అపోహ: సీఆర్ఎంలో ఎవరి ఏరియా వాళ్లకే కనిపిస్తుంది, రిపోర్టులోనూ అంతే.

వాస్తవం: కాదు. రిఫ్రెష్ (కొత్త డేటా తెచ్చుకోవడం) ఎవరి లాగిన్‌తో జరిగితే వాళ్లకి కనిపించేదంతా పవర్ బీఐ మోడల్లోకి (టేబుళ్లన్నీ కలిసుండే చోటికి) వస్తుంది. గూడూరు డీలర్ల క్రెడిట్ లిమిట్లు కావలి మేనేజరూ చూస్తాడు. రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరసలు కనిపించాలో చెప్పే నియమం) విడిగా పెట్టాలి. అది కూడా వ్యూయర్లకే (చూసే అనుమతి మాత్రమే ఉన్నవాళ్లకే) పనిచేస్తుంది. వర్క్‌స్పేస్‌లో (రిపోర్టులు ఉంచే ఉమ్మడి చోట) మెంబరుగా చేర్చినవాళ్లకి అంతా కనిపిస్తుంది.

అపోహ: డ్యాష్‌బోర్డంటే లైవ్.

వాస్తవం: ప్రో లైసెన్సులో షెడ్యూల్ రిఫ్రెష్ రోజుకి 8 సార్లే. మేత అమ్మకాలకి అది చాలు.

అపోహ: ఐడీ (ప్రతి రికార్డుకీ ఉండే గుర్తింపు కోడ్) ఉంటే టేబుళ్లు కలిసిపోతాయి.

వాస్తవం: సేల్స్‌ఫోర్స్ రిపోర్టు నుంచి ఎక్సెల్‌కి దించుకున్న ఐడీ మామూలుగా 15 అక్షరాలది. అందులో పెద్ద బడి, చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలు వేర్వేరు. పవర్ బీఐ మోడల్ ఆ తేడా పట్టించుకోదు, ఇద్దరు డీలర్లు ఒక్కరైపోవచ్చు. 18 అక్షరాల ఐడీతోనే కలపండి.

అపోహ: ఊరి పేరిస్తే మ్యాప్ దానంతటదే పెట్టుకుంటుంది.

వాస్తవం: మన నెల్లూరు కోవూరుని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక్క ‘వి’ ఎక్కువ కొడితే చుక్క గోదావరి ఒడ్డున కొవ్వూరులో పడుతుంది. రాష్ట్రం పేరు జోడించినా లాభం లేదు, రెండూ ఆంధ్రలోనే. పిన్ కోడ్ ఇస్తే తేలుతుంది: మనది 524తో మొదలవుతుంది, వాళ్లది 534తో.