జంతు సంక్షేమ ప్రచారం: మేం రోజూ వినే అపోహలు, మా పనిలో చూసిన వాస్తవాలు

జంతువుల సంక్షేమం కోసం జనంలో ప్రచారం చేయడం నా పని. కరపత్రాలు పంచడం, సంతకాలు సేకరించడం, ఆఫీసర్ల గదుల బయట బెంచీ మీద గంటల తరబడి కూర్చోవడం, వచ్చిన ఉత్తర్వు అమలవుతోందో లేదో మళ్లీ మళ్లీ వెళ్లి చూసుకోవడం. పద్నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ పని గురించి బయటివాళ్లకు ఎన్ని అపోహలున్నాయో, కొత్తగా మాతో కలిసే వాలంటీర్లకూ దాదాపు అన్నే ఉంటాయి. కొన్ని నాకూ ఉండేవి, అవి పోవడానికి ఏళ్లు పట్టింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఘోరమైన ఫోటోలు చూపిస్తేనే జనం కదులుతారు

మొదట్లో నేనూ ఇదే నమ్మాను. స్టాల్ ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టేవాళ్లం. దాని నిండా పుళ్లు పడ్డ వీపులు, విరిగిన కాళ్లు. ఒకరోజు ఒకావిడ చిన్నపిల్లను చేయి పట్టుకుని మా వైపే నడిచి వస్తోంది. ఫ్లెక్సీ కనబడగానే పిల్ల కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి, గబగబా రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయింది. ఆవిడకు జాలి లేదని ఎలా అనగలం? చూడలేకపోయింది. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేసుకుంటే, ఆ రోజు మా దగ్గర ఆగి మాట్లాడినవాళ్లలో చాలామంది అంతకుముందే మా మాటతో ఏకీభవించేవాళ్లు. మేం ఎవరి కోసం స్టాల్ పెట్టామో వాళ్లు దూరం నుంచే పక్కకు తప్పుకున్నారు.

ఆ తర్వాత ఫ్లెక్సీ తీసేసి, బల్ల మీద ఒక ఏ4 కాగితం అతికించాం. పక్కన అట్టతో చేసిన కోడి బొమ్మ. గుడ్లు పెట్టే కోడి అసలు ఎంత ఉంటుందో అంతే సైజు. రెక్కలు మడతపెట్టి ఉంటాయి, విప్పితే విచ్చుకుంటాయి. ఏ4 కాగితం వైశాల్యం సుమారు 624 చదరపు సెంటీమీటర్లు. యూరోపియన్ యూనియన్‌లో పాతరకం బ్యాటరీ బోనులు (గుడ్ల కోళ్లను వరుసగా పెట్టి పెంచే ఇరుకు తీగ బోనులు) రద్దయ్యే నాటికి, ఒక్కో కోడికి ఇవ్వాల్సిన కనీస చోటు 550 చదరపు సెంటీమీటర్లు. అంటే ఈ కాగితం కంటే తక్కువ. "ఈ కాగితం దాటకుండా కోడిని ఒక చుట్టు తిప్పండి, తర్వాత రెక్కలు విప్పండి" అని చెప్పి బొమ్మ చేతికిచ్చేవాళ్లం. ఒక పిల్లాడు చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. "తోక బయటికి వచ్చేస్తోంది నాన్నా" అన్నాడు. వాళ్ల నాన్న ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి, "మేం చేయగలిగింది ఏముంది చెప్పండి" అని అడిగాడు. ఫ్లెక్సీ కట్టినన్నాళ్లూ ఆ ప్రశ్న మమ్మల్ని అడిగినవాళ్లు చాలా తక్కువ.

గాయాల ఫోటోలు పనికిరావని నేననడం లేదు. కోర్టులో, తనిఖీ అధికారి ముందు, విలేకరి చేతిలో అవి సాక్ష్యం. తేదీ, చోటు రాసి భద్రంగా దాచుకోవాల్సినవి. దారిన పోయే మనిషికి మాత్రం తన చేత్తో కొలిచి చూసుకోగలిగింది ఒకటి ఇవ్వాలి. వెంటనే, తాను చేయగలిగిన పని ఒకటి చెప్పాలి.

అపోహ: జంతువుల మీద ఈ జాలి కొత్తగా వచ్చిన ఫ్యాషన్

అశోకుడి ఐదో స్తంభ శాసనం ఒక్కసారి చదవండి. చంపకూడని ప్రాణుల జాబితా చెక్కించాడు: చిలుకలు, గోరింకలు, గబ్బిలాలు, తాబేళ్లు, ఉడుతలు. రెండో శిలాశాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పుకున్నాడు. ఇక పార్లమెంటు చట్టాల సంగతికొస్తే, బ్రిటన్‌లో రిచర్డ్ మార్టిన్ అనే సభ్యుడు పట్టుబట్టి పశువులపై హింసను నేరంగా చేయించింది 1822లో. ఇంకో రెండేళ్లకు లండన్‌లో జంతు హింస నివారణ సంఘం పుట్టింది. రెండు వందల ఏళ్లు దాటినదాన్ని ఫ్యాషన్ అని ఎలా అంటాం?

అపోహ: మనుషులకే దిక్కులేదు, జంతువుల గొడవ ఎందుకు?

స్టాల్ పెట్టిన ప్రతిరోజూ ఈ మాట వింటాం. కొత్త వాలంటీర్లకు కోపం వస్తుంది. కోపం వద్దని చెబుతాను. అడిగే మనిషి చాలాసార్లు నిజంగానే ఏదో కష్టంలో ఉంటాడు.

ఇందాక చెప్పిన, 1824లో లండన్‌లో పుట్టిన సంఘాన్ని స్థాపించినవాళ్లలో విలియం విల్బర్‌ఫోర్స్ ఒకరు. బానిసల వ్యాపారం రద్దు కోసం పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడిన మనిషి ఆయన. 1874లో న్యూయార్క్‌లో, పెంచుతున్న ఇంట్లోనే చిత్రహింసలు పడుతున్న ఒక చిన్నపిల్లను ఎలాగైనా బయటికి తీసుకురావాలని ఒక సంఘ సేవకురాలు ఎక్కడెక్కడో తిరిగింది. చివరికి హెన్రీ బెర్గ్ దగ్గరకు వెళ్లింది. అమెరికాలో 1866లో జంతు హింస నివారణ సంఘం పెట్టింది ఆయనే. ఆయన లాయరు కేసు కోర్టుకు తీసుకెళ్లాడు, పిల్ల బయటపడింది. పిల్లలపై హింసను అడ్డుకునే సంఘం ఆ కేసు తర్వాతే న్యూయార్క్‌లో మొదలైంది.

నాకు బాగా నచ్చేది మాత్రం నీళ్ల కథ. 1859లో లండన్‌లో ఒక సంఘం పుట్టింది. పేదవాళ్లకు వీధుల్లో శుభ్రమైన తాగునీరు ఉచితంగా అందించడం దాని పని. కొళాయిలు కట్టించుకుంటూ పోతుంటే, బండ్లు లాగే గుర్రాలు, సంతకు నడిపించుకొచ్చే పశువులు కూడా దప్పికతో అల్లాడుతున్నాయని వాళ్లకు కనిపించింది. వాటికి తొట్లు కట్టడం మొదలుపెట్టారు. 1867లో సంఘం పేరులోనే పశువుల తొట్టిని చేర్చారు. మనిషికి కొళాయి, పశువుకు తొట్టి, రెండూ ఒకే సంఘం కట్టించింది.

ఇవాళ్టి సంగతి కావాలంటే రేబిస్ ఉంది. మనుషులకు సోకే రేబిస్ కేసుల్లో నూటికి 99 కుక్కకాటు వల్లే. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా టీకా వేస్తే, వాటి మధ్య వ్యాప్తి ఆగిపోతుంది. ఆ టీకా కుక్కకు వేసినా, దానివల్ల బతికేది కుక్క ఒక్కటే కాదు, పిల్లలు కూడా.

అపోహ: ఎన్ని సంతకాలు వస్తే అంత గెలుపు

నా జీవితంలో మరచిపోలేని రోజు ఒకటుంది. పదకొండు వేల సంతకాలు సేకరించాం. మూడు అట్టపెట్టెల్లో సర్ది ఒక అధికారి బల్ల మీద పెట్టాం. ఆయన పై కాగితం తీసి నెమ్మదిగా చదివాడు.

"బాగుందండీ. ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"జంతువుల మీద హింస ఆపించాలి సార్."

"ఏ జంతువు? ఎక్కడ? ఏ నిబంధన కింద, ఎవరికి ఆర్డరు వేయాలి?"

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయనేమీ తప్పించుకోవాలని అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మా వినతిపత్రంలో ఉన్నది ఒక్క వాక్యం: 'మూగజీవాల పట్ల క్రూరత్వాన్ని అంతం చేయాలి.' ఆ వాక్యాన్ని చేతిలో పెట్టుకుని ఏ అధికారీ ఏ ఫైలూ కదపలేడు. పదకొండు వేల మంది నమ్మి సంతకం పెడితే, వాళ్ల తరఫున ఏం అడగాలో మేం ఆలోచించుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి మాకొక పద్ధతి ఉంది. సంతకాల కాగితం ప్రింటుకు వెళ్లేముందే నాలుగు విషయాలు రాసుకుంటాం. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా, జరిగిందని మనకెలా తెలుస్తుంది. ఈ నాలుగూ రాయలేకపోతే ఆ ప్రచారం మొదలుపెట్టం.

తర్వాతి ప్రచారం సందర్శకులను తిప్పే గుర్రపు బళ్ల గురించి. అడిగింది రెండే: స్టాండు దగ్గర నీడ, నీళ్ల తొట్టి ఉండాలి, ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బళ్లు కట్టకూడదు. సంతకాలు ఆరు వందలకు మించలేదు. రెండు నెలల్లో ఉత్తర్వు వచ్చింది.

సంఖ్యకు బలం లేదని కాదు. బోనుల్లో పెంపకం ఆపాలని యూరప్‌లో దాదాపు 14 లక్షల మంది సంతకాలు చేశారు. దానివల్లే 2021 జూన్‌లో, అక్కడ చట్టాలు ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ దిగివచ్చి, 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదిస్తామని మాటిచ్చింది. తీరా 2023 గడిచిపోయింది, ప్రతిపాదన రాలేదు. అంత పెద్ద సంఖ్య కూడా మాట తీసుకోవడం వరకే పనికొచ్చింది. మాట నిలబెట్టించడం ఇంకో ప్రచారం.

అపోహ: కంపెనీలు, పశువుల యజమానులు మన శత్రువులు

ఆ ఆరు వందల సంతకాల్లో నలభై దాకా బండి తోలేవాళ్లవే. మొదటి రోజు మమ్మల్ని చూసి వాళ్లు మొహం తిప్పుకున్నారు. "మా పొట్ట కొట్టడానికొచ్చారు" అన్నాడొక పెద్దాయన. మేం అక్కడే కూర్చున్నాం. ఎండలో పనిచేసే గుర్రానికి రోజుకు నలభై లీటర్లు దాటి నీళ్లు కావాల్సి వస్తుంది. ఆ పెద్దాయన పొద్దున్నే రెండు బకెట్లు మోసుకొస్తాడు, మధ్యాహ్నానికి అయిపోతాయి. దగ్గర్లో కొళాయి లేదు. గుర్రం మీద ఆయనకున్న ప్రేమకు లోటేమీ లేదు. "తొట్టి పెట్టిస్తారా, నిజంగా?" అని అడిగి, మొదటి సంతకం ఆయనే చేశాడు.

పెద్ద కంపెనీల విషయంలో, అమెరికాలో జంతువుల కోసం ప్రచారం చేసిన హెన్రీ స్పైరా దారి చూపించాడు. సౌందర్య సాధనాల పరీక్ష కోసం కుందేళ్ల కళ్లలో రసాయనాలు వేసేవారు. డ్రేజ్ టెస్ట్ అంటారు దాన్ని, 1944 నుంచి ఉంది. స్పైరా నేరుగా వీధికెక్కలేదు. ముందు రెవ్లాన్ కంపెనీతో ఏడాదికి పైగా మాట్లాడి చూశాడు. కదలిక లేకపోయేసరికి, 1980 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. ఆయన అడిగింది చూడండి. రేపటినుంచే పరీక్షలన్నీ ఆపేయమనలేదు. జంతువుల అవసరం లేని పరీక్షలు కనిపెట్టే పరిశోధనకు డబ్బు పెట్టమన్నాడు. కంపెనీ ఒప్పుకోగలిగిన కోరిక అది. ఆ ఏడాది చివర్లో రెవ్లాన్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి 7,50,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. పోటీ కంపెనీలూ ముందుకొచ్చాయి. 1981లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రత్యామ్నాయ పరీక్షల కేంద్రం మొదలైంది. జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ పూర్తిగా నిషేధించింది 2013లో. ఆ ప్రకటన వేసిన ముప్పై మూడేళ్లకు. ఈ లెక్క మా కొత్త వాలంటీర్లకు తప్పకుండా చెబుతాను.

అపోహ: సంక్షేమం అడిగేవాళ్లు జంతువులతో ఏ పనీ చేయించకూడదంటారు

అలా కోరేవాళ్లూ ఉన్నారు, అది జంతు హక్కుల వాదం. సంక్షేమం వేరు. మనిషి పెంచుతున్నంత కాలం, వాడుకుంటున్నంత కాలం జంతువు ఎలా బతుకుతోందన్నది సంక్షేమం చూసే విషయం. రూత్ హారిసన్ పశువుల ఫ్యాక్టరీ పెంపకంపై రాసిన పుస్తకం 1964లో వచ్చి బ్రిటన్‌ను కుదిపేస్తే, ప్రభుత్వం కమిటీ వేసింది. 1965లో ఆ కమిటీ చెప్పింది ఎంతో కాదు: పశువు నిలబడగలగాలి, పడుకోగలగాలి, చుట్టూ తిరగగలగాలి, ఒళ్లు శుభ్రం చేసుకోగలగాలి, కాళ్లు చాపుకోగలగాలి. ప్రపంచమంతటా ఇవాళ చెప్పుకునే 'ఐదు స్వేచ్ఛలు' అక్కడినుంచే పెరిగాయి. ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి-గాయం-జబ్బుల నుంచి, భయం-వేదనల నుంచి విముక్తి, సహజంగా ప్రవర్తించే వీలు.

అపోహ: హింస వీడియో కనబడగానే పదిమందికీ షేర్ చేయాలి

దయచేసి ఆగండి. జనం చూడటం కోసమే హింసించి తీసే వీడియోలున్నాయి. జంతువును కావాలనే ఆపదలోకి నెట్టి, తామే కాపాడినట్టు చూపించేవీ ఉన్నాయి. మీ ప్రతి షేరూ, తిట్టు కామెంటూ కూడా ఆ వీడియోను ఇంకో పదిమందికి చేరుస్తుంది. లింకు, అకౌంటు పేరు, తేదీ రాసుకోండి. ఆ ప్లాట్‌ఫామ్‌కు రిపోర్టు కొట్టండి. చోటు గుర్తుపట్టగలిగితే పోలీసులకో, దగ్గర్లోని జంతు సంరక్షణ సంస్థకో పంపండి. అంతవరకే.

అపోహ: చట్టం వచ్చిందంటే పని అయిపోయినట్టే

పాత బ్యాటరీ బోనులు వద్దని యూరోపియన్ యూనియన్ 1999లో నిర్ణయించి, 2012 జనవరి 1 దాకా గడువిచ్చింది. పన్నెండేళ్లకు పైగా సమయం. గడువు ముగిసిన ఆ జనవరిలోనే 13 సభ్యదేశాలకు అమలు చేయలేదని నోటీసులు వెళ్లాయి. ఇంకో రకం ఇబ్బంది భారత్‌లో ఉంది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పెట్టిన బిల్లు పుణ్యమా అని 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. అప్పట్లో అది ఎంతో ముందడుగు. అయితే మొదటిసారి తప్పుకు పది నుంచి యాభై రూపాయల జరిమానా అని అందులో ఉంది. దశాబ్దాలు గడిచినా ఆ అంకె కదలలేదు. చట్టం ఉన్నా దానికి ఎవరూ భయపడని పరిస్థితి ఇలాగే వస్తుంది.

మా గుర్రాల స్టాండు దగ్గరా ఇలాంటిదే జరిగింది. ఉత్తర్వు వచ్చిన రోజు అందరం ఫోటోలు దిగాం, సంబరపడ్డాం, ఇంకో ప్రచారంలో పడిపోయాం. ఎనిమిది నెలల తర్వాత అటువైపు వెళ్తే తొట్టి ఎండిపోయి ఉంది. అడుగున ఎండుటాకులు, ప్లాస్టిక్ కప్పులు. కొళాయి మర పాడై నాలుగు నెలలైందట. బాగుచేయించడం ఎవరి బాధ్యతో ఉత్తర్వులో లేదు. రాయించాల్సింది మేమే, మేం రాయించలేదు. పెద్దాయన మళ్లీ బకెట్లు మోస్తున్నాడు. మమ్మల్ని చూసి ఏమీ అనలేదు, గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు.

మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లాం. ఈసారి అడిగింది ఒక్క లైను: తొట్టి నిర్వహణ ఏ విభాగానిదో ఉత్తర్వులో చేర్చాలి, ఆ విభాగం ఫోన్ నంబరు తొట్టి మీదే రాయాలి. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం మాలో ఒకరం వెళ్లి తొట్టిలో చెయ్యి ముంచి చూస్తాం. మోచేతి దాకా తడిస్తే రిజిస్టర్‌లో టిక్ పెడతాం. తడవకపోతే, అక్కడ నిలబడే ఆ నంబరుకు ఫోన్ చేస్తాం.