తుపాకీ కాపలా, ఇరుగుపొరుగు కాపలా

2019 అక్టోబరులో 195 దేశాలు మహమ్మారులకు ఎంత సిద్ధంగా ఉన్నాయో బేరీజు వేస్తూ వెలువడిన అంతర్జాతీయ సూచీలో అమెరికాకు మొదటి స్థానం, బ్రిటన్‌కు రెండో స్థానం దక్కాయి. ఆ తర్వాత వచ్చిన కోవిడ్ అమెరికాలో పది లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో 177 దేశాల గణాంకాలతో వచ్చిన అధ్యయనంలో ఇలాంటి సూచీలకూ, వ్యాధి వ్యాప్తికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ప్రభుత్వంపైన, అంతకంటే ఎక్కువగా తోటి మనుషులపైన నమ్మకం ఉన్న సమాజాల్లోనే వ్యాధి తక్కువగా సోకింది. ఇది సహసంబంధమే తప్ప కార్యకారణానికి రుజువు కాదని పరిశోధకులే జాగ్రత్తగా చెప్పారు.

ఆ నమ్మకం ఎలా పనిచేస్తుందో 2014లో ప్రాణాంతకమైన ఎబోలా వ్యాధి సోకిన పశ్చిమాఫ్రికా దేశం లైబీరియాలో దగ్గరగా చూడవచ్చు. అంతర్యుద్ధాలతో చితికిపోయిన ఆ దేశంలో, విదేశీ సాయం కోసం ప్రభుత్వమే ఈ వ్యాధిని కల్పించిందని నమ్మినవారు ఉన్నారు. రాజధాని మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ మురికివాడలో ఒక బడిని రోగుల కేంద్రంగా మార్చి, బయటి రోగులనూ అక్కడికే తేవడంతో ఆగస్టు 16న జనం దానిపై పడ్డారు. రోగులు పారిపోయారు, వాళ్ల పరుపులు జనం ఇళ్లకు చేరాయి. నాలుగు రోజులకు ప్రభుత్వం వాడ చుట్టూ ముళ్లకంచె వేసి సైన్యాన్ని నిలిపింది. వాడంతా లోపల చిక్కుకుని ఉండగా స్థానిక అధికారి కుటుంబాన్ని మాత్రం కాపలా మధ్య బయటికి తీసుకెళ్లడం చూసి జనం తిరగబడ్డారు, సైనికులు కాల్పులు జరిపారు, ఒక కుర్రవాడు చనిపోయాడు. పది రోజులకే కంచె తీసేయవలసి వచ్చింది.

ఇదంతా అజ్ఞానం వల్ల జరిగిందనుకుంటే పొరపాటు. వ్యాధి ఇంకా ఉన్నప్పుడే మన్రోవియాలో జరిపిన సర్వేలో, ప్రభుత్వాన్ని నమ్మనివారికి ఎబోలా లక్షణాల గురించి, అది సోకే తీరు గురించి ఇతరులకు తెలిసినంతా తెలుసు. అయినా వారు ఇంట్లో జాగ్రత్తలు పాటించడం, సురక్షిత ఖననాలను సమర్థించడం బాగా తక్కువ. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే, ఎందుకంటే ప్రచారం పెంచితే చాలునన్న మన అలవాటు ఆలోచనకు ఇది గట్టిగా అడ్డుపడుతుంది.

ఎబోలాతో చనిపోయినవారి దేహం నుంచి వైరస్ తేలిగ్గా అంటుకుంటుంది, కానీ శవానికి స్నానం చేయించి సాగనంపడం అక్కడి ఆచారం. ప్రభుత్వం దహనాన్ని తప్పనిసరి చేయగానే కుటుంబాలు జబ్బునూ, చావునూ దాచసాగాయి. ఆ తర్వాత మన్రోవియా వాడలవాళ్లే ఇల్లిల్లూ తిరిగి రోగులను గుర్తించే పనిలోకి దిగారు. ఏడాది చివర్లో డిస్కో హిల్ అనే చోట శ్మశానవాటిక తెరిచాక, రక్షణ దుస్తులు వేసుకున్నవారు తమ మనిషిని మట్టిచేస్తుంటే అయినవాళ్లు కాస్త దూరాన నిలబడి చూడగలిగారు, సమాధి ఎక్కడుందో వారికి తెలిసింది.